ఎలెన్ గ్రిఫిన్: గోల్ఫ్ గురువులకు గురువు

క్రీడా శిక్షకుల ఘనతను సాధారణంగా వారి శిష్యులు గెలిచిన పతకాలను బట్టి లెక్కిస్తారు. అమెరికాలోని ఉత్తర కరోలినా రాష్ట్రంలో విద్యార్థినులకు గోల్ఫ్ నేర్పిన ఎలెన్ గ్రిఫిన్ విషయంలో ఆ లెక్క చాలదు. ఆమె కళాశాలలో పనిచేసిన కాలంలో ఆడపిల్లల జట్లకు నేటి స్థాయి పోటీలు, క్రీడా ఉపకార వేతనాలు లేవు. అయినా గోల్ఫ్ ఉపాధ్యాయులకు ఆ దేశంలో లభించే గొప్ప గౌరవాల్లో ఒకటి నేడు ఆమె పేరు మీదే ఉంది. బాగా ఆడగలిగినంత మాత్రాన నేర్పడం రాదని, నేర్పడం కూడా సాధనతో అలవడే విద్యేనని నమ్మి, ఆ నమ్మకం మీదే జీవితాన్ని నిర్మించుకున్న అధ్యాపకురాలు ఆమె.

1918లో జన్మించిన గ్రిఫిన్, గ్రీన్స్‌బరో నగరంలోని ఉమెన్స్ కాలేజ్‌లో చదివి 1940లో పట్టభద్రురాలయ్యారు. అప్పట్లో అది ఉత్తర కరోలినా విశ్వవిద్యాలయానికి చెందిన మహిళా కళాశాల. చదువు ముగిసిన వెంటనే అదే కళాశాల వ్యాయామ విద్యా విభాగంలో అధ్యాపకురాలిగా చేరి, 1968 వరకు 28 ఏళ్లపాటు పనిచేశారు. వ్యాయామ ఉపాధ్యాయినులను తయారుచేసి పాఠశాలలకు పంపే సంస్థగా ఆ కళాశాలకు మంచి పేరుండేది. కాబట్టి అక్కడ ఒక విద్యార్థినికి గోల్ఫ్ నేర్పితే, రేపు ఆమె చేతుల మీదుగా మరెందరో బాలికలకు ఆ ఆట చేరే అవకాశం ఉండేది.

ఆ రోజుల్లో అమెరికా మహిళా వ్యాయామ విద్యావేత్తల్లో పోటీ క్రీడల పట్ల గట్టి అయిష్టత ఉండేది. గెలుపే ధ్యేయమైతే కొద్దిమంది ప్రతిభావంతులపైనే శ్రద్ధ నిలుస్తుందని, మిగిలిన బాలికలు ప్రేక్షకులుగా మిగిలిపోతారని వారి వాదన. కళాశాలల మధ్య పోటీలకు బదులు అందరూ కలిసి ఆడుకునే క్రీడా దినాలను వారు ప్రోత్సహించారు. 1941లో ఒహాయో స్టేట్ విశ్వవిద్యాలయంలో గ్లాడిస్ పామర్ కళాశాల విద్యార్థినుల కోసం జాతీయ గోల్ఫ్ టోర్నమెంట్ నిర్వహించినప్పుడు తోటి విద్యావేత్తల నుంచే వ్యతిరేకత ఎదురైంది. ఆ వాదనలో న్యాయం లేకపోలేదు. కానీ దాని ఫలితంగా ప్రతిభ ఉన్న యువతికి కళాశాల దాటిన తరువాత ఆటలో ముందుకు సాగే దారి మూసుకుపోయింది.

గ్రిఫిన్ ఈ రెండు ధోరణులలో ఒకదాన్ని ఎంచుకుని మరొకదాన్ని తోసిపుచ్చలేదు. తరగతిలో ప్రతి విద్యార్థినికీ ఆట నేర్పుతూనే, ఆటను వృత్తిగా చేపట్టదలచిన మహిళలకు వేదిక కల్పించే ప్రయత్నానికీ పూనుకున్నారు. 1944లో గ్రీన్స్‌బరోకు చెందిన గోల్ఫ్ క్రీడాకారిణి హోప్ సీగ్నియస్, 1941 జాతీయ అమెచూర్ విజేత బెట్టీ హిక్స్‌లతో కలిసి ఆమె మహిళా ప్రొఫెషనల్ గోల్ఫర్ల సంఘాన్ని స్థాపించారు. డబ్ల్యూపీజీఏగా పిలిచే ఆ సంఘం అమెరికాలో వృత్తి గోల్ఫ్ మహిళలకు తొలి వ్యవస్థ. హిక్స్ దానికి అధ్యక్షురాలయ్యారు.

అది రెండో ప్రపంచ యుద్ధ కాలం. వృత్తిగా గోల్ఫ్ ఆడే మహిళలను వేళ్లమీద లెక్కించవచ్చు. సంఘం చేతిలో నిధులు లేవు. అయినప్పటికీ 1946లో వాషింగ్టన్ రాష్ట్రంలోని స్పోకేన్‌లో తొలి యూఎస్ మహిళల ఓపెన్ జరిగింది. స్థానిక అథ్లెటిక్ రౌండ్ టేబుల్ అనే సంస్థ 19,700 డాలర్ల బహుమతి సొమ్మును యుద్ధ బాండ్ల రూపంలో సమకూర్చింది. పాటీ బర్గ్ విజేతగా నిలిచారు. మరుసటి ఏడాది పోటీ గ్రీన్స్‌బరోలోని స్టార్‌మౌంట్ ఫారెస్ట్ కంట్రీ క్లబ్‌కు వచ్చింది. 72 హోల్స్‌ను 295 స్ట్రోక్‌లలో పూర్తిచేసి బెట్టీ జేమ్సన్ టైటిల్ అందుకున్నారు. మహిళల గోల్ఫ్‌లో 72 హోల్స్ పోటీలో 300లోపు స్కోరు నమోదు కావడం అదే మొదటిసారి. గ్రిఫిన్ పాఠాలు చెప్పే ఊరిలోనే ఆ చరిత్ర నమోదైంది.

సంఘం మాత్రం ఎక్కువ కాలం నిలవలేదు. దాని నిర్వహణకు సీగ్నియస్ కుటుంబం సొంత డబ్బు ఖర్చుచేయవలసి వచ్చింది. 1949 నాటికి సంఘం మూతపడింది. 1950లో 13 మంది క్రీడాకారిణులు ఎల్‌పీజీఏను స్థాపించారు. నేడు ప్రపంచ మహిళా గోల్ఫ్‌కు కేంద్రమైన ఆ సంస్థ, ఆరేళ్ల ముందు ముగ్గురు మహిళలు వేసిన బాటపైనే నడిచింది. ఓపెన్ టోర్నమెంట్ కూడా ఆగలేదు. 1953 నుంచి దాని నిర్వహణను యూఎస్ గోల్ఫ్ సంఘం చేపట్టింది.

గ్రిఫిన్ అసలు కృషి ఆ తరువాతే వికసించింది. ఎల్‌పీజీఏ 1959లో బోధన విభాగాన్ని ఏర్పాటుచేసింది. టోర్నమెంట్లు ఆడే కొద్దిమందికే కాక, క్లబ్బుల్లో, పాఠశాలల్లో ఆట నేర్పే మహిళలకూ వృత్తిపరమైన గుర్తింపు లభించింది. వ్యాయామ విద్యలో ఏళ్ల తరబడి గడించిన అనుభవం ఇక్కడ అక్కరకు వచ్చింది. కొత్తగా నేర్చుకునేవారికి ఏది ముందు చెప్పాలి, ఏది తరువాత చెప్పాలి, ఒకేసారి పెద్ద బృందానికి పాఠం ఎలా చెప్పాలి అన్న ప్రశ్నలకు టోర్నమెంట్ మైదానంలో జవాబులు దొరకవు. అవి తరగతి గదికి తెలిసిన విద్యలు. 1962లో ఎల్‌పీజీఏ ఆమెను ఆ ఏటి ఉత్తమ ఉపాధ్యాయురాలిగా ఎంపికచేసింది. ఆమె బోధించిన కాలంలోనే ఉమెన్స్ కాలేజ్‌లో చదివిన గ్రీన్స్‌బరో క్రీడాకారిణి మార్జ్ బర్న్స్ 1976లో అదే పురస్కారాన్ని అందుకున్నారు.

ఈలోగా కళాశాల స్వరూపం మారింది. 1963లో అది గ్రీన్స్‌బరోలోని ఉత్తర కరోలినా విశ్వవిద్యాలయంగా పేరు మార్చుకుంది. 1964 నుంచి పురుషులకూ ప్రవేశం కల్పించింది. 1968లో గ్రిఫిన్ ఉద్యోగం వదిలి, గ్రీన్స్‌బరోకు దక్షిణాన ఉన్న రాండల్‌మన్ వద్ద సొంత శిక్షణ కేంద్రం నెలకొల్పారు. దానికి ఆమె పెట్టిన పేరు ది ఫార్మ్. సంపన్నుల క్లబ్బుల ఆర్భాటం లేకుండా, కేవలం నేర్చుకోవడానికీ నేర్పడానికీ ఏర్పడిన చోటది. గోల్ఫ్ విద్యకు చేసిన సేవకు గుర్తింపుగా 1970లో నేషనల్ గోల్ఫ్ ఫౌండేషన్ ఆమెకు జో గ్రాఫిస్ పురస్కారాన్ని అందించింది.

1972లో అమెరికా కాంగ్రెస్ టైటిల్ నైన్ చట్టాన్ని ఆమోదించింది. ప్రభుత్వ నిధులు పొందే విద్యాసంస్థల్లో లింగ వివక్షను ఆ చట్టం నిషేధించడంతో విద్యార్థినుల క్రీడలకు నిధులు, ఉపకార వేతనాలు, పూర్తికాలపు శిక్షకులు క్రమంగా సమకూరారు. 1982లో ఎన్‌సీఏఏ తొలిసారి మహిళల గోల్ఫ్ చాంపియన్‌షిప్ నిర్వహించగా టల్సా విశ్వవిద్యాలయం గెలిచింది. గ్రిఫిన్ కళాశాల కొలువులో ఉండగా ఈ సౌకర్యాలేవీ లేవు. అవి వచ్చేనాటికి ఆమె విశ్వవిద్యాలయాన్ని విడిచి ఏళ్లు గడిచాయి.

1986లో గ్రిఫిన్ కన్నుమూశారు. మూడేళ్ల తరువాత, 1989లో, ఎల్‌పీజీఏ ఆమె స్మారకంగా ఎలెన్ గ్రిఫిన్ పురస్కారాన్ని నెలకొల్పింది. గోల్ఫ్ బోధనకు విశేష సేవ చేసినవారికి దీన్ని ప్రదానం చేస్తారు. టోక్యో ఒలింపిక్స్‌లో నాలుగో స్థానం సాధించిన మన అదితి అశోక్ ఆడుతున్నదీ ఆ ఎల్‌పీజీఏ వేదికపైనే. ఆటగాళ్ల పేర్లతో పోటీలు, కప్పులు అన్ని దేశాల్లోనూ ఉంటాయి. పాఠం చెప్పిన ఉపాధ్యాయురాలి పేరును ఒక వృత్తి సంస్థ ఇలా పదిలపరచుకోవడం అరుదు. కళాశాల మైదానంలో 28 ఏళ్లపాటు సాగిన ఓపికైన బోధనకు దక్కిన గౌరవమది.