బరువు బండికి ఊపిరి పోసిన బర్కిన్

వేగం పట్ల మోజు మానవునికి నిన్న మొన్న కలిగినది కాదు. మన నగరంలో మలక్‌పేట గుర్రపు పందేలకు శతాబ్దానికి మించిన చరిత్ర ఉన్నది. మన దోమలగూడకు ఎంతో దూరం లేని హుస్సేన్ సాగర్ ఒడ్డున 2023 ఫిబ్రవరి 11వ తేదీన విద్యుత్ కార్ల ఫార్ములా-ఈ పందెం కూడా జరిగినది. పందెం చూచువారికి గెలిచినవాని పేరు మాత్రమే జ్ఞాపకముంటుంది. ఆ బండిని పందేనికి తగినట్లు తీర్చిదిద్దిన శ్రమ, అందుకైన ఖర్చు, దాని వెనుక జరిగిన వాదోపవాదాలు ఎవరికీ కనిపించవు. అందుచేత బరువైన కారును వేగవంతం చేయుటకై తన ఆస్తిని, ఆయుష్షును ధారపోసిన సర్ హెన్రీ బర్కిన్ జీవితాన్ని మా విద్యార్థి మిత్రుల ముందు ఉంచదలచినాము.

బర్కిన్ 1896 జూలై 26న ఇంగ్లండులోని నాటింగ్‌హామ్ నగరంలో జన్మించినాడు. ఆ నగరం లేసు అల్లికలకు ప్రసిద్ధి. బర్కిన్ కుటుంబం ఆ లేసు పరిశ్రమలోనే ధనం గడించినది. బాల్యంలో ఒక బొమ్మల కథలోని పులి పేరును బట్టి ఇంటివారు ఆయనను టిమ్ అని పిలిచేవారు. ఆ పేరే లోకంలో నిలిచినది. మనిషి పొట్టి, మాటలో నత్తి. కాని స్టీరింగు ముందు కూర్చున్నప్పుడు ఆయనలో తడబాటు ఉండేది కాదు. మెడకు చుక్కల పట్టు రుమాలు కట్టుకొని నడిపే ఆయనను ప్రేక్షకులు దూరం నుండే గుర్తించేవారు.

మొదటి ప్రపంచ యుద్ధంలో ఆయన రాయల్ ఫ్లయింగ్ కోర్‌లో చేరి పాలస్తీనాలో పనిచేసినాడు. అక్కడ సోకిన మలేరియా ఆయనను జీవితాంతం విడువలేదు. ఆయన పుట్టిన మరుసటి సంవత్సరమే, 1897 ఆగస్టు 20న, మన సికింద్రాబాదులో రోనాల్డ్ రాస్ దోమ కడుపులో మలేరియా క్రిమిని కనుగొన్న సంగతి మన విద్యార్థులకు తెలిసినదే. కారణం తెలిసినంత మాత్రాన వ్యాధి లోకాన్ని విడిచిపోలేదు. ఆ వ్యాధి నీడ ఈ కథ చివర మరల కనిపించును.

1927లో ఆయన తమ్ముడు ఆర్చీ, ఐల్ ఆఫ్ మాన్ ద్వీపంలో మోటారు సైకిలు పందేనికి సాధన చేయుచు, ఎదురుగా వచ్చిన వాహనాన్ని తప్పించబోయి మరణించినాడు. ఆనాడు సాధన సమయంలో రహదారులు ప్రజలకు తెరచియే ఉండేవి. ఈ దుర్ఘటన తరువాత, 1928 నుండి సాధనకు కూడా దారులు మూసివేయసాగినారు. తమ్ముని మరణం అన్నగారిని పందేల నుండి మరల్చలేదు.

ఆ రోజులలో బ్రిటిషు పందెపు కార్లలో బెంట్లీకి గొప్ప పేరు. డబ్ల్యు. ఓ. బెంట్లీ నిర్మించిన నాలుగున్నర లీటర్ల కారు 1927లో వెలువడినది. దాని ఇంజనుకు నాలుగు సిలిండర్లు. ఒక్కొక్క సిలిండరు వ్యాసం 100 మిల్లీమీటర్లు, పిస్టను కదలిక 140 మిల్లీమీటర్లు. మొత్తం పరిమాణం 4,398 ఘన సెంటీమీటర్లు. పందేనికి సిద్ధం చేసినప్పుడు సుమారు 130 అశ్వశక్తి ఇచ్చేది. బండి దృఢమైనది, నమ్మదగినది, కాని మహా బరువు. ఫ్రెంచి నిర్మాత బుగాటీ ఈ కార్లను వేగంగా పరుగెత్తే లారీలని ఎగతాళి చేసినాడని నేటికీ చెప్పుకొందురు.

ఇంతటి బరువు బండి వేగం పెంచుటెట్లు? ఇక్కడనే ఇద్దరి దారులు వేరైనవి. ఇంజను పరిమాణాన్నే పెంచవలెనని బెంట్లీ అభిప్రాయం. ఆరున్నర లీటర్ల స్పీడ్ సిక్స్ కారు ఆ ఆలోచన నుండియే పుట్టినది. బర్కిన్ అభిప్రాయం వేరు. ఇంజను అదే ఉండనిచ్చి, దానికి మరింత గాలి అందించవలెనని ఆయన వాదం. కమ్మరి కొలిమిలో బొగ్గు కొద్దిగానే ఉన్నను, తిత్తితో ఊదిన కొలది మంట తీవ్రమగును గదా! సూపర్ చార్జర్ పని కూడా అటువంటిదే. అది గాలిని, పెట్రోలు ఆవిరిని బలవంతంగా సిలిండర్లలోకి నెట్టును. ఎక్కువ మిశ్రమం మండి ఎక్కువ శక్తి పుట్టును. కాని తిత్తి అతిగా ఊదిన కొలిమి వలెనే ఇంజను కూడా వేడెక్కును. పిస్టన్లు, వాల్వులు, క్రాంక్ షాఫ్ట్ ఆ ఒత్తిడిని భరించవలె. పెట్రోలు ఖర్చు పెరుగును. బెంట్లీ సందేహాలకు మూలమిదే.

కంపెనీ అధిపతి వుల్ఫ్ బర్నాటో మాత్రం బర్కిన్ పక్షం వహించినాడు. ఆమ్హర్స్ట్ విలియర్స్ అనే ఇంజనీరు సూపర్ చార్జర్‌ను రూపొందించినాడు. దానిని రేడియేటర్ ముందు, క్రాంక్ షాఫ్ట్ కొనకు బిగించినారు. వెల్విన్ పట్టణంలో బర్కిన్ సొంత వర్క్‌షాపు నెలకొల్పినాడు. ధనం చాలనప్పుడు డొరొతీ పేజెట్ అనే సంపన్న మహిళ ఆదుకొన్నది. పందెపు కారు శక్తి 240 అశ్వశక్తికి పెరిగినది. కాని ముందు భాగంలో బరువు మరింత పెరిగి, మలుపులలో బండిని తిప్పుట చాలా కష్టమైనది. లె మాన్ నిబంధనల ప్రకారం ఇటువంటి కార్లు 50 తయారు చేసి అమ్మకానికి పెట్టవలసి వచ్చినది.

1929లో బర్కిన్, బర్నాటోతో కలిసి లె మాన్ 24 గంటల పందెం గెలిచినాడు. చిత్రమేమనగా, ఆ గెలుపు తన బ్లోయర్ కారుపై కాదు. బెంట్లీగారి స్పీడ్ సిక్స్ కారుపై!

1930 లె మాన్ పందెంలో బర్కిన్, జర్మను వీరుడు కరచ్చొలా నడిపిన ఏడు లీటర్ల మెర్సిడెస్‌ను తరుముకొని, చక్రాలు దారి పక్కనున్న గడ్డిపైకి పోయినను లెక్క చేయక దాటివేసినాడు. ఆ వేగానికి టైరు పై పొర ఊడిపోయినది. ప్రత్యర్థిని అలసట పెట్టుటకు బెంట్లీ పక్షం పన్నిన ఎత్తు అది అని చెప్పువారు కలరు. రాత్రి మెర్సిడెస్ ఆగిపోయినది. కాని బర్కిన్ జట్టు బ్లోయర్లు కూడా గమ్యం చేరలేదు. నిదానంగా, నిలకడగా పరుగెత్తిన స్పీడ్ సిక్స్ కార్లే మొదటి, రెండవ స్థానాలు పొందినవి.

అయినను ఆ సంవత్సరం సెప్టెంబరులో పో నగరంలో జరిగిన ఫ్రెంచి గ్రాండ్ ప్రి పందెంలో బర్కిన్ సాహసం ఫలించినది. లైట్లు, మడ్ గార్డులు తొలగించిన నాలుగు సీట్ల బరువు బండితో, తేలికపాటి బుగాటీల నడుమ దూసుకుపోయి ఆయన రెండవ స్థానం సాధించినాడు. బుగాటీపై వచ్చిన ఎతాన్‌సెలాన్ ఒక్కడే ఆయనకు ముందున్నాడు. లారీ అని నవ్వినవారికి అంతకన్న సమాధానమేమి కావలె?

కాని ఖర్చు భరింపరానిదైనది. 1930 చివర పేజెట్ జట్టుకు ఇచ్చు సహాయం నిలిపివేసినది. 1931లో బెంట్లీ కంపెనీయే దివాలా తీసి రోల్స్ రాయిస్ చేతికి పోయినది. ఆ ఏడు బర్కిన్, ఎర్ల్ హౌతో కలిసి ఇటలీ వారి ఆల్ఫా రోమియోపై మరల లె మాన్ గెలిచినాడు. 1932 మార్చి 24న బ్రూక్‌లాండ్స్ పథంపై, ఒంటి సీటుగా మార్చిన బ్లోయర్ బెంట్లీతో గంటకు 137.96 మైళ్ళ, అనగా సుమారు 222 కిలోమీటర్ల వేగంతో చుట్టు తిరిగి, ఆ పథంపై కొత్త రికార్డు నెలకొల్పినాడు. 1934లో జాన్ కాబ్ ఆ వేగాన్ని మించువరకు అది చెక్కుచెదరలేదు.

1933 మే నెలలో ట్రిపోలీ పందెంలో మాసెరాటి నడిపి మూడవ స్థానం పొందినాడు. అక్కడ వేడెక్కిన ఎగ్జాస్ట్ గొట్టం తగిలి ఆయన చేయి కాలినది. గాయాన్ని ఆయన లెక్కచేయలేదు. పాత మలేరియా తిరగబెట్టినది, రక్తం విషపూరితమైనది. జూన్ 22న లండనులో కన్నుమూసినాడు. అప్పటికి ఆయన వయస్సు ముప్పది ఆరేండ్లు.

బ్లోయర్ బెంట్లీ పెద్ద పందెమేదియు గెలువలేదు. అయినను 2012లో ఆ ఒంటి సీటు కారు ఏబది లక్షల పౌండ్లకు మించిన ధర పలికినది. బెంట్లీ లెక్క సరియైనదని లె మాన్ నిరూపించినది. బర్కిన్ ఆశ వట్టిది కాదని బ్రూక్‌లాండ్స్ నిరూపించినది. ఇద్దరిలో ఒకరిని తక్కువ చేయుట మాకు ఇష్టం లేదు. శక్తిని పెంచుటతో పని ముగియదు. ఆ శక్తిని భరించు అంగాలను కూడా పెంచవలె. పరీక్ష ముందు రాత్రి మాత్రమే తిత్తి ఊదు విద్యార్థులకు ఈ మాట వేరుగా వివరించనక్కరలేదు. అట్లే, సాహసించు యువకునికి వర్క్‌షాపు, ధనం, చెప్పవలసిన చోట నిర్మొగమాటంగా కాదని చెప్పు పెద్దలు మూడూ అవసరం. అవి సమకూర్చు బాధ్యత విద్యాసంస్థలది. చిన్న గాయాన్నైనా అలక్ష్యం చేయక శరీరాన్ని కాపాడుకొను బాధ్యత యువకునిది.