బందరులో నిలిచిన నోబుల్ దొర

బెజవాడ వద్ద కృష్ణానదిపై ఆనకట్ట 1855లో పూర్తియైనది. కాలువలు పారినవి, పైరులు పండినవి. వాటి వెంట కచేరీలును పెరిగినవి. ఇంగ్లీషు వచ్చిన కుర్రవానికి సర్కారు కొలువు అందుబాటులోనికి వచ్చినది. ఆ దినములలో కృష్ణా మండలమున ఇంగ్లీషు చదువు అనగానే జనులకు స్ఫురించునది బందరులోని నోబుల్ దొర బడి. సంపదకు త్రోవ చూపిన ఆ బడిని పెట్టినవాడు మాత్రము సంపదను కాదని వచ్చినవాడు.

రాబర్టు టర్లింగ్టన్ నోబుల్ 1809లో ఇంగ్లండున ఒక మతగురువు ఇంట జన్మించినాడు. కేంబ్రిడ్జిలో పట్టము పొంది, తానును గురువైనాడు. అట్టివానికి స్వదేశమున ఒక చర్చి, తోటతో కూడిన యిల్లు, స్థిరమైన ఆదాయము దుర్లభములు కావు. ఆయన వాటిని విడిచి, చర్చి మిషనరీ సొసైటీ పక్షమున, హెన్రీ ఫాక్సు అను యువకునితో 1841లో ఈ దేశమునకు వచ్చి బందరు చేరినాడు. ఊరూర తిరిగి బోధించుట ఫాక్సు వంతు. బడి నడపుట నోబుల్ వంతు. ఆరోగ్యము చెడి ఇంగ్లండు చేరిన ఫాక్సు 1848లో మరణించినాడు.

నోబుల్ మొదట తెలుగు నేర్చుకొన్నాడు. 1843లో బడి తెరచిననాడు విద్యార్థులు ఇద్దరు. కేంబ్రిడ్జి పట్టభద్రునికి ఇద్దరు పిల్లలు! ఉపాధ్యాయులైనవారు ఈ సంఖ్య వద్ద ఒక్క క్షణము ఆగవలెను. ఊరి పెద్దలకు కావలసినది దొర భాషయే కాని దొర మతము కాదు. ఆ సంగతి ఆయనకు తెలియును. ఐనను బైబిలు పాఠము ఆయన దాచలేదు, మానలేదు.

1852లో మంచాల రత్నము, ఐనాల భూషణము అను అగ్రవర్ణ విద్యార్థులు క్రైస్తవులైనారు. ఊరు అట్టుడికినట్లుడికినది. తల్లిదండ్రులు పిల్లలను మాన్పించినారు, బడి ఖాళీయైనది. మతము మారినవాని ఆస్తిహక్కు పోదని 1850 నాటి చట్టము చెప్పుచున్నను, పుట్టింటి గడపను ఏ చట్టము తెరువగలదు? కన్నవారి దుఃఖమును తక్కువ చేసి చెప్పరాదు. ఆ యువకులకు వచ్చిన ఇంగ్లీషుతో కొలువు సంపాదించుట కష్టము కాదు. వారు సంఘసేవనే ఎన్నుకొని, 1864లో గురుపట్టము పొందినారు. తక్కిన శిష్యులలో పలువురు ఉద్యోగములలో చేరినారు. నోబుల్ శిష్యులు లంచము ముట్టరన్న పేరు వారికి దక్కినది.

ఒక లోపము చెప్పక తప్పదు. ఆ బడి ప్రధానముగా అగ్రవర్ణములవారికే. ముందు పైవారు మారినచో తక్కినవారికి మేలు కలుగునని నోబుల్ నమ్మినాడు. జరిగినది వేరు. 1859లో రాఘవాపురపు మాల పెద్ద పగోలు వెంకయ్య, బెజవాడలోని డార్లింగు దొర బోధ విని, తనవారితో జ్ఞానస్నానము పొందినాడు. అటుపిమ్మట డెల్టాలో క్రైస్తవము విస్తరించినది ఆ పల్లెలలోనే.

నోబుల్ పెండ్లాడలేదు. ఇరువది నాలుగేండ్లలో ఒక్కమారైనను స్వదేశమునకు పోలేదు. 1864 నవంబరు 1వ తేదీ రాత్రి బందరును ఉప్పెన ముంచెత్తి, ఆ ప్రాంతమున సుమారు 30,000 మందిని బలిగొన్నది. అప్పటికే ఆయన ఆరోగ్యము క్షీణించియున్నది. మరుసటి యేడు అక్టోబరులో, ఆ ఊరనే, కన్నుమూసినాడు. ఇద్దరితో మొదలైన బడి కళాశాలయైనది. భోగరాజు పట్టాభి సీతారామయ్య అక్కడనే చదువుకొన్నాడు.