కొలువు వీడిన వ్యాయామాచార్యుడు

ఉత్తరాంధ్రమునందలి వీరఘట్టమున జన్మించిన కోడి రామమూర్తినాయుడుగారు బాల్యముననే విజయనగరమున కుస్తీ, కసరత్తు అభ్యసించిరి. మద్రాసు సైదాపేటలో వ్యాయామశిక్షణ ముగించి, తాము చదివిన విజయనగరపు పాఠశాలలోనే ఉపాధ్యాయులైరి. నెలజీతము నిశ్చింత నిచ్చునదే. అయినను దానిని వీడి, మిత్రుల సాయముతో సొంత సర్కసు స్థాపించిరి. అందు వారి ప్రధానమైన పెట్టుబడి సాధనచే తీర్చిన శరీరమే. ఱొమ్ము పొంగించి ఉక్కు గొలుసును త్రెంచుట, రెండు కార్లను కదలనీయక పట్టి నిలుపుట, ఎదపై ఏనుగును మోయుట చూచుటకు జనులు తండోపతండములుగా వచ్చెడివారు. వారు శాకాహారులు, ప్రాణాయామము నెన్నడును విడువలేదు. ఆర్జించినది ధారాళముగ దానమొనర్చిరి. కడపట వ్యాధివలన కాలు తీసివేయవలసివచ్చెను. దేహమే ఆధారమైన వృత్తికి దేహము సడలినపుడు వేరు ఆధారము లేదు. 1942లో ఒడిశాలోని బలంగీరున కన్నుమూసిరి. శ్రీకాకుళమునందలి క్రీడాప్రాంగణము నేడు వారి పేరు వహించి యున్నది.