వెలుగు మీద మాటను పంపిన పంతులు – అలెగ్జాండర్ గ్రాహం బెల్



టెలిఫోన్ కనిపెట్టినది ఎవరని మా తరగతిలో అడిగితే చివరి బెంచీ పిల్లవాడు కూడా గ్రాహం బెల్ అని చెప్తాడు. ఆయన వృత్తి ఏమిటని అడిగితే మాత్రం జవాబు రాదు. ఆయన మా లాంటి బడిపంతులే. ఇంకొక సంగతి కూడా చాలామందికి తెలియదు. తాను చేసిన పనులన్నిటిలో ఆయన గొప్పదని తలచినది టెలిఫోన్ కాదు, తీగ లేకుండా వెలుగు మీద మాటను పంపే ఫోటోఫోన్ అనే యంత్రం. దానివల్ల ఆయన కాలంలో పెద్ద ఫాయిదా ఏమీ రాలేదు. అయినా, కాదు, అందుకే ఆ మహనీయుని జీవితాన్ని ఇక్కడ వ్రాస్తున్నాము.

బెల్ 1847 మార్చి 3వ తేదీన స్కాట్లండులోని ఎడిన్‌బరో నగరంలో జన్మించారు. తండ్రి మెల్విల్ బెల్ ఉచ్చారణ నేర్పే ఉస్తాద్. ఏ శబ్దానికి నాలుక, పెదవులు, గొంతు ఎట్లా కదులుతాయో గుర్తులతో చూపే లిపిని ఆయన తయారు చేశారు. కాఫ్‌కు, ఖాఫ్‌కు గొంతులో ఉన్న తేడా పిల్లలకు చూపలేక మేము పడే అవస్థ గుర్తు చేసుకుంటే ఆ లిపి విలువ మాకు బాగా అర్థమవుతుంది. తల్లి ఎలీజా గారికి వినికిడి క్రమంగా తగ్గిపోయింది. బాలుడైన బెల్ ఆమె నుదుటికి దగ్గరగా నోరు పెట్టి, మెల్లని గొంతుతో మాట్లాడేవాడు. శబ్దం అంటే వట్టి గాలి కదలిక అనీ, దానిని చెవితోనే కాక ఇంకో విధంగా కూడా అందించవచ్చుననీ ఆయనకు తెలిసింది ఏ పుస్తకంలోనో కాదు, ఇంట్లోనే.

ఇద్దరు సోదరులు క్షయవ్యాధితో పోగా, మిగిలిన ఒక్క కొడుకునైనా దక్కించుకోవాలని తల్లిదండ్రులు 1870లో కెనడాకు తరలిపోయారు. మరుసటి సంవత్సరం బెల్ అమెరికాలోని బోస్టన్ చేరి, వినికిడి లేని పిల్లలకు మాట నేర్పే పనిలో కుదిరారు. పగలు పాఠాలు, రాత్రి ప్రయోగాలు. 1876 మార్చి 7న టెలిఫోన్‌కు పేటెంటు వచ్చింది. 1877లో తన శిష్యురాలైన మేబెల్ హబ్బర్డ్‌ను వివాహమాడారు. చిన్నప్పుడు వచ్చిన జ్వరంతో ఆమె వినికిడి పూర్తిగా పోయింది. లోకానికి టెలిఫోన్ ఇచ్చిన మనిషి భార్య ఆ టెలిఫోన్‌లో ఒక్క మాట వినలేదు. విధి అంటే ఇదే గదా!

1880లో ఫ్రాన్సు ప్రభుత్వం ఆయనకు వోల్టా బహుమానం క్రింద 50,000 ఫ్రాంకులు ఇచ్చింది. బెల్ ఆ సొమ్ముతో బంగళా కట్టుకోలేదు. వాషింగ్టన్‌లో ప్రయోగశాల పెట్టారు. టెలిఫోన్‌కు తీగ కావాలి. తీగ లేకుండా మాట పోవాలంటే ఎట్లా? సెలీనియం అనే పదార్థం మీద వెలుగు ఎక్కువ పడితే కరెంటు సులువుగా పారుతుంది, తక్కువ పడితే అడ్డుపడుతుంది. ఈ గుణాన్ని విల్లోబీ స్మిత్ అనే ఇంజనీరు 1873లోనే ప్రకటించి ఉన్నారు. దానిని ఆధారం చేసుకొని బెల్, ఆయన సహాయకుడు చార్లెస్ సమ్నర్ టెయింటర్ కలిసి పని మొదలుపెట్టారు.

యంత్రం చూస్తే సాదాగానే ఉంటుంది. ఒక పలుచని అద్దం, దాని వెనుక మాట్లాడే గొట్టం. అద్దం మీద సూర్యకాంతి పడుతుంది. మాట్లాడితే అద్దం వణుకుతుంది, దాని మీద నుంచి పోయే కిరణాలు మాటకు తగినట్టు చెదురుతూ, కూడుతూ ఉంటాయి. అవతల గిన్నె ఆకారపు అద్దం ఆ వెలుగును పోగుచేసి సెలీనియం మీద వేస్తుంది. సెలీనియానికి బ్యాటరీ, టెలిఫోన్ చెవిగొట్టం కలిపి ఉంటాయి. వెలుగు హెచ్చుతగ్గులు కరెంటు హెచ్చుతగ్గులై, మళ్ళీ మాటగా మారుతాయి. 1880లోనే ఫ్రాంక్లిన్ పాఠశాల కప్పు మీద నుంచి టెయింటర్ మాట్లాడగా 213 మీటర్ల దూరంలో ఉన్న ప్రయోగశాలలో బెల్ విన్నారు. మన వర్ధన్నపేటలో ఖమ్మం సడక్ మీద నిలబడితే అయిదారు కరెంటు స్తంభాల దూరం అనుకోండి. ఆ యంత్రం కుదిరిన సంతోషంలో అప్పుడే పుట్టిన రెండవ కూతురికి ఫోటోఫోన్ అని పేరు పెడతానని కూర్చున్నారట! మేబెల్ గారు ఒప్పుకోలేదు గనుక ఆ పాప మేరియన్ అయింది.

అయితే యంత్రం నిలబడలేదు. మబ్బు వస్తే మాట ఆగేది. వాన, పొగమంచు, దారికి అడ్డుగా పోయే పక్షి, అన్నీ శత్రువులే. రాత్రికి సూర్యుడే లేడు. బెల్ తన యంత్రాన్ని వాషింగ్టన్‌లోని స్మిత్‌సోనియన్ సంస్థకు అప్పగించి, వేరే పనుల్లో పడ్డారు.

ఆయనలో లోపాలు లేవని మేము అనము. వినికిడి లేని పిల్లలు నోటితోనే మాట్లాడాలని పట్టుబట్టి, బడుల్లో సైగల భాషను ఆయన వ్యతిరేకించారు. తమ భాషను తమకు కాకుండా చేశారని ఆ పిల్లలూ, వారి తరువాతి వారూ బాధపడ్డారు. ఉర్దూ మీడియం పంతుళ్ళమైన మాకు ఆ బాధ వేరే చెప్పనక్కరలేదు. మేలు కోరే ఉస్తాద్ కూడా పిల్లవాని భాషను కాదంటే తప్పే.

1922 ఆగస్టు 2న కెనడాలోని నోవా స్కోషియాలో బెల్ కన్నుమూశారు. అంత్యక్రియల వేళ ఉత్తర అమెరికాలో టెలిఫోన్లన్నీ ఒక నిమిషం మూగబోయాయి. ఫోటోఫోన్‌ను మాత్రం అప్పటికే లోకం మరచింది.

కాని విత్తనం చావలేదు. 1966లో చార్లెస్ కావ్ గాజుపోగులో వెలుగును దూరం పంపవచ్చునని లెక్కలతో చూపించారు. ఈనాటి ఇంటర్నెట్టు చాలామట్టుకు అట్లాంటి గాజుపోగుల మీదనే నడుస్తున్నది. 2011లో హరాల్డ్ హాస్ అనే ప్రొఫెసర్ మామూలు ఎల్.ఇ.డి. దీపంతో కంప్యూటరు సమాచారం పంపి చూపి, దానికి లై-ఫై అని పేరు పెట్టారు. ఆయన అప్పుడు పనిచేసినది బెల్ పుట్టిన ఎడిన్‌బరోలోనే! దీపం వెలిగితే ఒకటి, ఆరితే సున్నా. అది ఎంత వేగంగా జరుగుతుందంటే మన కంటికి దీపం నిలకడగానే కనిపిస్తుంది. 2017 డిసెంబరులో పొరుగున ఆంధ్రప్రదేశ్ ఫైబర్‌నెట్ వారు కంటికి కనిపించని కాంతి కిరణాలతో 2,000 చోట్ల ఇంటర్నెట్టు కలపడానికి గూగుల్ కుటుంబపు ఎక్స్ సంస్థతో ఒప్పందం ప్రకటించారు.

ఈ పాఠం చెప్పిన తర్వాత మా తరగతిలో ఒక పిల్లవాడు అట్లాంటిదే చేసి తెచ్చాడు. బ్యాటరీ, రెసిస్టెన్సు, ఎల్.ఇ.డి. ఒక వరుసలో కలిపి, పాత రేడియోలోని చిన్న ట్రాన్స్‌ఫార్మర్ ద్వారా పాట కరెంటును అందులోకి ఎక్కించాడు. అవతల పాడైన తోట దీపం నుంచి తీసిన సోలార్ పలకను స్పీకరు మైకు రంధ్రానికి తగిలించాడు. తలుపులు మూసి దీపం చూపగానే పాట వచ్చింది. చెయ్యి అడ్డం పెడితే ఆగింది, తీస్తే మళ్ళీ వచ్చింది. పిల్లలు గంట కొట్టినా లేవలేదు. సామానంతా పాతదే, ఖర్చు ఏమంత కాలేదు.

ఆ పిల్లవాని తండ్రి అంతకు వారం ముందే వచ్చి, కొడుకును బడి మానిపించి దుకాణంలో పెడతానన్నారు. ఈ చదువుతో ఫాయిదా ఏమిటని అడిగారు. ఆనాడు మేము సరైన జవాబు చెప్పలేకపోయాము. పాట విన్న రోజున ఆయనను పిలిపించి చూపించాము. ఆయన ఏమీ అనలేదు, చెయ్యి అడ్డం పెట్టి, తీసి, రెండు మూడు సార్లు చూసుకున్నారు. ఈ సంవత్సరానికి పిల్లవాడు బడిలో ఉన్నాడు. పై సంవత్సరం మాట ఇంకా తేలలేదు.

తల్లిదండ్రులారా! బెల్ పెట్టిన మెహనత్‌కు ఫలితం ఆయన పోయిన ఎన్నో ఏండ్లకు వచ్చింది. మన పిల్లల చదువుకు అన్నేండ్లు అక్కరలేదు, నాలుగైదేండ్లు ఓపిక పడితే చాలు. అంతవరకు వెలుగుకు మన చెయ్యి అడ్డం పెట్టకుండా ఉందాము.