నమ్మకమైన తూనిక – మైకేల్ ఫారడే జీవితము

1791వ సంవత్సరము సెప్టెంబరు 22వ తేదీన లండను పట్టణము చెంత ఒక బీద కమ్మరి యింట మైకేల్ ఫారడే జన్మించెను. చదువుట, వ్రాయుట, లెక్కించుట మాత్రమే నేర్చి, పదుమూడవ యేట ఒక పుస్తకముల దుకాణములో పనికి కుదిరెను. పిమ్మట ఏడేండ్లు పుస్తకములకు అట్టలు కట్టుచు, ఆ పుస్తకములనే చదివి రసాయన శాస్త్రమందు ఆసక్తుడాయెను. 1812లో హంఫ్రీ డేవీ పండితుని ఉపన్యాసములు విని, వాటిని శుభ్రముగా వ్రాసి, అట్ట కట్టి ఆయనకు పంపెను. మరుసటి యేట రాయల్ ఇన్‌స్టిట్యూషనులో ఆయనకు సహాయకుడుగా నియమింపబడెను.

విద్యుత్తు కొన్ని పదార్థములను విడదీయునని పండితులు అప్పటికే యెరుగుదురు. అయితే ఎంత విద్యుత్తునకు ఎంత పదార్థము విడివడునో తేలలేదు. ఫారడే కొంచెము గంధకామ్లము కలిపిన నీటిలో రెండు లోహపు రేకులుంచి, వాటిని బ్యాటరీకి తగిలించెను. ఒక రేకునొద్ద ఉదజని, రెండవ రేకునొద్ద ప్రాణవాయువు బుడగలుగా లేచెను. వాటిని గీతలు గల గాజు గొట్టములలో పట్టి కొలిచెను. రేకులు పెద్దవైనను చిన్నవైనను, ఆమ్లము హెచ్చైనను తగ్గైనను, విద్యుత్తు ఎంతో వాయువును అంతే. విద్యుత్తు రెట్టింపైన, వాయువును రెట్టింపగును. మరియు ఒక గ్రాము ఉదజనిని విడిపించు విద్యుత్తే 8 గ్రాముల ప్రాణవాయువును, సుమారు 32 గ్రాముల రాగిని, సుమారు 108 గ్రాముల వెండిని విడిపించును. ప్రతి పదార్థమునకు దాని పాలు నిర్ణయమై యున్నది. 1833, 1834 సంవత్సరములలో ఆయన ఈ నియమములను ప్రకటించెను. గ్రీకు భాష రాని వాడగుటచే, కొత్త పేర్లకై కేంబ్రిడ్జి పండితుడైన విలియం హ్యూయెల్‌ను అడుగుటకు సిగ్గుపడలేదు. ఆనోడు, కాథోడు, అయాను అను మాటలు అట్లు పుట్టినవే.

ఫారడే సాండిమనీయులను చిన్న సంఘమునకు చెందినవాడు. 1821లో సంఘము ముందు తన విశ్వాసమును ఒప్పుకొని, 1840లో పెద్దగా ఏర్పడెను. 1844లో సంఘ క్రమశిక్షణచే కొన్ని వారములు వెలిగా నుంచబడెను. దేశదేశముల పండితులు గౌరవించు మనుష్యుడు కొద్దిమంది సామాన్యుల తీర్పునకు తల వంచెను. సహవాసములో మరల చేర్చుకొనబడినను, పెద్దరికము పోయెను. పదునారేండ్లు సామాన్య సభ్యుడుగా కూర్చుండి, 1860లో తిరిగి పెద్దగా ఎన్నుకొనబడెను. బిరుదును నిరాకరించెను, రాయల్ సొసైటీ అధ్యక్ష పదవిని వలదనెను. 1867 ఆగస్టు 25న మృతినొందగా హైగేటు శ్మశానమందు నిరాడంబరముగా పాతిపెట్టబడెను.

మన యిండ్లలోని అల్యూమినియము గిన్నె ఈ విద్యుద్విశ్లేషణ ఫలమే. 1886లో కనుగొనబడిన పద్ధతి చొప్పున, కరిగిన ఖనిజములో విద్యుత్తును పంపి ఆ లోహమును నేటికిని తీయుచున్నారు. ఎన్ని తులముల లోహము వచ్చునో ఫారడే నియమమే చెప్పును.

సామెతల గ్రంథము 16వ అధ్యాయము 11వ వచనమును చదివి ధ్యానించుడి. పదార్థములను తూచిన ఫారడే తానును తూనికకు లోబడెను. ధాన్యము కొలుచునప్పుడును, కూలి లెక్కించునప్పుడును, సహోదరుని తప్పు విచారించునప్పుడును మన కుంచము ఒక్కటియేనా?