సువార్తల ప్రాచీన ప్రతులను వెదకిన టిషెన్‌డార్ఫ్

ధ్యాన భాగము: లూకా 1:1-4

లూకా తన సువార్తకు ముందుగా వ్రాసిన నాలుగు వచనములను నిదానముగా చదువుడి. అతడు విన్నదానిని విన్నట్లు వ్రాసివేయలేదు. సంగతులను విచారించిన పిమ్మటనే కలము పట్టెను. కాబట్టి సువార్తలు ఎప్పుడు వ్రాయబడెను, మనయొద్దకు ఏలాగు వచ్చెను అని విచారించుట అవిశ్వాసము కాదు. అట్టి విచారణకు తన బ్రదుకంతయు ధారపోసిన యొక పండితుని చరిత్రను ఈ నెల ధ్యానింతము.

కాన్‌స్టాంటిన్ టిషెన్‌డార్ఫ్ 1815 జనవరి 18వ తేదీని జర్మనీలోని సాక్సనీ ప్రాంతమందు లెంగెన్‌ఫెల్డ్ అను ఊరిలో జన్మించెను. ఆయన తండ్రి వైద్యుడు. 1834లో ఆయన లైప్‌జిగ్ విశ్వవిద్యాలయమున చేరి దైవశాస్త్రమును, గ్రీకు భాషను అభ్యసించెను. మరుసటి సంవత్సరమే స్ట్రౌస్ అను పండితుడు యేసు చరిత్రను గూర్చి యొక గ్రంథము ప్రకటించి, సువార్తలలోని అనేక సంగతులు కల్పిత కథలని వ్రాసెను. బౌర్ అను మరియొక పండితుడు యోహాను సువార్త రెండవ శతాబ్దము సగము దాటిన తరువాత పుట్టినదని బోధించెను. అనేకుల మనస్సులు కలవరపడెను. కోపగించినందున సంశయము తీరదు. దానికి సాక్ష్యము కావలెను. క్రొత్త నిబంధన యొక్క అతి ప్రాచీన ప్రతులను వెదకి, దాని మొదటి రూపమును తేటపరచుటయే దేవుడు తనకిచ్చిన పని అని టిషెన్‌డార్ఫ్ నమ్మెను.

ఈ పని ఎందుకు అవసరమో గ్రహించుడి. అచ్చుయంత్రము రాకముందు సుమారు పదునాలుగు వందల యేండ్లు సువార్తలను చేతితోనే వ్రాసికొనిరి. మన కూటములలో కీర్తనలను ఒక నోటుపుస్తకమునుండి మరియొక దానిలోనికి ఎత్తి వ్రాయునప్పుడు, ఒక మాట జారిపోవుటయు ఒక చరణము తారుమారగుటయు మీరెరిగినదే. ఆలాగే వ్రాతప్రతులలోను భేదములు కలిగెను. ఎంత పాత ప్రతి దొరికిన, మూలమునకు అంత దగ్గరకు పోవుటకు సాధారణముగా వీలు కలుగును.

1840లో ఆయన పారిస్ నగరమునకు వెళ్లెను. అక్కడ ఐదవ శతాబ్దపు గ్రీకు బైబిలొకటి యుండెను. పన్నెండవ శతాబ్దములో ఎవరో ఆ అక్షరములను గీకివేసి, ఆ చర్మపు కాగితములమీదనే ఎఫ్రేము అను సిరియా బోధకుని రచనలు వ్రాసిరి. అడుగున మాసిపోయిన అక్షరములను టిషెన్‌డార్ఫ్ ఒక్కొక్కటిగా చదివి, అందలి క్రొత్త నిబంధన భాగములను 1843లో అచ్చువేయించెను.

1844లో ఆయన ఐగుప్తు మీదుగా సీనాయి కొండ దిగువనున్న పరిశుద్ధ కేథరీన్ మఠమునకు చేరెను. అక్కడ పాత నిబంధన యొక్క పురాతన గ్రీకు ప్రతిలోనివి 43 ఆకులు ఆయనకు దొరికెను. అవి పారవేయుటకుంచిన గంపలో కనబడెనని ఆయన వ్రాసెను. మఠమువారు ఆ మాటను ఒప్పుకొనలేదు. 1853లో మరల వెళ్లి వెదకినను మిగిలిన గ్రంథము కనబడలేదు. రష్యా చక్రవర్తి రెండవ అలెగ్జాండర్ సహాయముతో 1859లో మూడవసారి వెళ్లెను. ఫిబ్రవరి 4వ తేదీ సాయంకాలమున మఠపు గృహనిర్వాహకుడు తన గదిలోనుండి ఎఱ్ఱని గుడ్డలో చుట్టిన కట్టయొకటి తెచ్చి చూపెను. అందులో క్రొత్త నిబంధన మొదటినుండి చివరివరకు ఉండెను! అది నాలుగవ శతాబ్దపు ప్రతి.

ఆ ప్రతిలో మార్కు సువార్త 16వ అధ్యాయము 8వ వచనముతో ముగియుచున్నది. వ్యభిచారమందు పట్టబడిన స్త్రీని గూర్చిన యోహాను 7:53 మొదలుకొని 8:11 వరకు గల భాగమును అందు లేదు. ఇది విని కొందరు భయపడవచ్చును. టిషెన్‌డార్ఫ్ ఏమియు దాచక, 1862లో ఆ ప్రతిని ఉన్నదున్నట్లు అచ్చువేయించెను. సమాధి ఖాళీయైనదను వార్త మార్కు 16:6లో నిలిచేయున్నది. మిగిలిన మూడు సువార్తలును, 1 కొరింథీయులకు 15వ అధ్యాయమును పునరుత్థానమునకు సాక్ష్యమిచ్చుచున్నవి.

1865లో ఆయన సువార్తల కాలమును గూర్చి యొక చిన్న పుస్తకము వ్రాసెను. సుమారు 180లో ఐరేనియస్ నాలుగు సువార్తలను సంఘమంతయు ఎరిగినవిగా పేర్కొనెను. అంతకు ముందే, సుమారు 150లో, అపొస్తలుల జ్ఞాపకములు ఆదివారపు ఆరాధనలో చదువబడుచుండెనని జస్టిన్ తెలిపెను. కాబట్టి సువార్తలు అంతకంటె ముందటివని ఆయన వాదించెను. ఆయన హేతువులన్నిటిని తరువాతి పండితులు అంగీకరింపలేదు. అయినను యోహాను 18వ అధ్యాయములోని కొన్ని మాటలు గల రెండవ శతాబ్దపు చిన్న ముక్కయొకటి ఐగుప్తునుండి దొరికి, 1935లో ప్రకటింపబడెను. బౌర్ చెప్పిన ఆలస్యపు కాలమును నేడు పండితులు సాధారణముగా అంగీకరింపరు.

ఈ చరిత్రలో మనస్సును నొప్పించు సంగతియు ఒకటి కలదు. 1859 సెప్టెంబరులో టిషెన్‌డార్ఫ్ ఆ ప్రతిని ఎరువుగా తీసికొని, అడిగినప్పుడు తిరిగి యిచ్చెదనని కాగితము వ్రాసియిచ్చెను. ప్రతి రష్యాకు పోయెను గాని మఠమునకు తిరిగి రాలేదు. 1869లో మఠాధిపతి దానిని చక్రవర్తికి దానముగా వ్రాసియిచ్చినను, అది మనఃపూర్వకముగా జరిగెనా అను వివాదము నేటికిని తీరలేదు. 1933లో సోవియట్ ప్రభుత్వము దానిని లక్ష పౌనులకు బ్రిటిషు మ్యూజియమునకు అమ్మెను. ఇప్పుడు దాని ఆకులు లండనులోను, లైప్‌జిగ్‌లోను, సెయింట్ పీటర్స్‌బర్గ్‌లోను, సీనాయిలోను చెదరియున్నవి. ఈ నాలుగు చోట్లవారును కలిసి 2009లో వాటి ఛాయాచిత్రములను కంప్యూటరు ద్వారా ఎవరైనను చూచునట్లు ఒకచోట చేర్చిరి.

టిషెన్‌డార్ఫ్ 1873లో పక్షవాతముచే పడి, 1874 డిసెంబరు 7న లైప్‌జిగ్‌లో మరణించెను.

సహోదరులారా, ఎవరైనను మన బైబిలును గూర్చి కఠినమైన ప్రశ్న వేసినయెడల, వారిని గద్దింపకుడి. తెలిసినదానిని ఉన్నదున్నట్లు చెప్పుడి. సత్యవాక్యము విచారణకు వెరవదు. అయితే అక్షరము విషయమై అంత జాగ్రత్తపడిన మనుష్యుడు ఇచ్చిన మాట విషయమై నేటికిని ప్రశ్నింపబడుచున్నాడు. వాక్యమును శోధించు మనము, ఆ వాక్యముచేత శోధింపబడుటకును ఒప్పుకొందము గాక.