హార్లెమ్‌లో తెరుచుకున్న కన్నులు



జూలై, ఆగస్టు నెలలు వచ్చాయంటే మన సంఘాలలో ప్రార్థన మనవుల చీటీలు చాలావరకు ఒకేలా ఉంటాయి. మా అబ్బాయి పైచదువుకు అమెరికా వెళ్తున్నాడు, మా అమ్మాయికి జర్మనీ వీసా రావాలి, ప్రయాణం క్షేమంగా జరగాలి. మనం సంతోషంగా ప్రార్థిస్తాము, తలమీద చేతులుంచి పంపిస్తాము. విమానం దిగిన తర్వాత ఆ బిడ్డ మనసులో ఏమి జరుగుతుందో అడిగేవారు మాత్రం తక్కువ. భోజనం వేరు, ఆరాధన వేరు, మనుషులు ఒకరినొకరు చూసే చూపు వేరు. దీన్నే కల్చర్ షాక్ అంటున్నారు. కొత్తచోట బెంగ అంతే, నాలుగు రోజుల్లో సర్దుకుంటుందిలే అని మనం తేలిగ్గా తీసివేస్తాము. దేవుడు ఆ తికమకతోనే ఒక విద్యార్థిని ఎలా మలిచాడో ఈ వారం మీ ముందు ఉంచాలనుకున్నాము. ఆయన డీట్రిక్ బోన్‌హోఫర్.

బోన్‌హోఫర్ 1906 ఫిబ్రవరి 4న, అప్పటి జర్మనీలోని బ్రెస్లావ్ నగరంలో పుట్టారు. తండ్రి కార్ల్ పేరుపొందిన మానసిక వైద్యుడు. 1912లో ఆయనకు బెర్లిన్ విశ్వవిద్యాలయంలో ఆచార్య పదవి రావడంతో కుటుంబం అక్కడికి మారింది. ఎనిమిదిమంది పిల్లలు, ఇంటినిండా పుస్తకాలు, సంగీతం. ఆదివారం చర్చికి వెళ్లే అలవాటు మాత్రం ఆ ఇంట్లో అంతగా లేదు. 1918లో, మొదటి ప్రపంచ యుద్ధంలో, పెద్దన్నల్లో ఒకడైన వాల్టర్ ఫ్రాన్స్ యుద్ధరంగంలో గాయపడి చనిపోయాడు. తల్లి చాలాకాలం కోలుకోలేదు. పన్నెండేళ్ల డీట్రిక్ ఆ దుఃఖాన్ని దగ్గరుండి చూశారు.

ఆయనకు మొదటి కుదుపు రోమ్‌లో తగిలింది. 1924లో, పద్దెనిమిదేళ్ల విద్యార్థిగా, అన్న క్లాస్‌తో కలిసి ఇటలీ వెళ్లారు. మట్టల ఆదివారం నాడు సెయింట్ పీటర్స్ మందిరంలో రకరకాల జాతుల, రకరకాల వర్ణాల యువ సేవకులు ఒకే వస్త్రధారణలో ఒకే బల్ల చుట్టూ నిలబడి ఉండడం చూశారు. జర్మన్ లూథరన్ పద్ధతి తప్ప మరొకటి ఎరుగని ఆ యువకునికి సంఘం అనే మాట అంత విశాలమైనదని అప్పుడు తోచింది. సంఘం అంటే ఏమిటన్న ప్రశ్న మీదనే సిద్ధాంత గ్రంథం రాసి, 1927లో ఇరవై ఒక్క ఏటనే డాక్టరేటు పొందారు.

1930 సెప్టెంబరులో ఓడెక్కి న్యూయార్క్ వెళ్లారు. అభిషేకానికి ఇంకా వయసు చాలలేదు. యూనియన్ థియొలాజికల్ సెమినరీలో ఒక సంవత్సరం చదవడానికి స్కాలర్‌షిప్ వచ్చింది. నిజం చెప్పాలంటే ఆయన అక్కడికి కొంత గర్వంతోనే వెళ్లారు. బెర్లిన్‌లో చదివినవానికి అమెరికా తరగతులు చప్పగా అనిపించాయి. పాపము గురించి లూథర్ రాసినదాన్ని చదువుతుంటే తోటి విద్యార్థులు నవ్వడం ఆయనకు మింగుడుపడలేదు. నగరంలోని పెద్ద చర్చిల్లో అన్ని విషయాలమీదా ప్రసంగాలు విన్నారు, కానీ సిలువ, పాపక్షమాపణ అనే మాటలు వినబడలేదని బాధపడ్డారు. మేము కూడా సెమినరీలో చదివినవారమే గనుక ఈ గర్వం మాకు కొత్త కాదు. మనకు తెలిసిన పద్ధతితోనే ఎదుటివారిని కొలవడం చదువుకున్నవారికి త్వరగా వచ్చే జబ్బు.

అది ఆర్థిక మాంద్యం కాలం. ఉచిత రొట్టె కోసం జనం వీధుల్లో బారులు తీరేవారు. ఆ అక్టోబరులోనే రాక్‌ఫెల్లర్ ధనసహాయంతో కట్టిన రివర్‌సైడ్ చర్చి సెమినరీ పక్కనే తెరుచుకుంది. అక్కడినుండి కొద్దిదూరం నడిస్తే నల్లవారు నివసించే హార్లెమ్. ఆ దారి చూపించినవాడు ఫ్రాంక్ ఫిషర్. అలబామా రాష్ట్రంలోని బర్మింగ్‌హామ్‌నుండి వచ్చిన నల్లజాతి విద్యార్థి, బాప్టిస్టు పాస్టరుగారి అబ్బాయి. ఫిషర్ తన స్నేహితుణ్ణి హార్లెమ్‌లోని అబిసీనియన్ బాప్టిస్టు చర్చికి తీసుకువెళ్లాడు.

అక్కడి కాపరి ఆడమ్ క్లేటన్ పవెల్ సీనియర్, అమెరికాలో బానిసత్వం రద్దయిన 1865లోనే పుట్టినవారు. ఆ మందిరంలో బోన్‌హోఫర్ చూసినది ఆయన పెరిగిన ఆరాధనకు పూర్తిగా వేరు. ప్రసంగానికి సంఘం గొంతెత్తి జవాబిస్తుంది. పాట పాడుతుంటే నిలబడినవారు నిలబడినట్టు ఉండరు. మన పల్లె సంఘాలలో పుట్టి పెరిగినవారికి ఇది వింత కాదు. చర్చిలో చప్పుడు చేయకూడదని నేర్చుకున్న ఆ జర్మన్ యువకునికి మాత్రం పెద్ద వింత. అయినా తాను వెదకిన సువార్తను ఆయన అక్కడే విన్నారు. పాపము, కృప, సిలువ అక్కడ పాఠ్యాంశాలు కావు. అవమానాలు పడ్డ మనుషులు పట్టుకుని బ్రతుకుతున్న సత్యాలు. అదే సంఘం ఆకలితో ఉన్నవారికి ఉచితంగా భోజనం పెట్టేది. బోన్‌హోఫర్ చూసి వెళ్లిపోలేదు. నెలల తరబడి సండే స్కూల్లో పిల్లలకు బోధించారు, వారి ఇళ్లకు వెళ్లారు, వారి పాటల గ్రామఫోన్ రికార్డులు కొనుక్కున్నారు.

ఫిషర్‌తో కలిసి ఆయన వాషింగ్టన్ వెళ్లారు, నల్లవారి మధ్యనే బస చేశారు. దక్షిణాది రాష్ట్రాలలో రైలుపెట్టెలు, ట్రాములు తెల్లవారికి వేరు, నల్లవారికి వేరు అని తెలుసుకున్నారు. ఒకసారి హోటల్లో ఫిషర్‌కు అందరితో సమానంగా వడ్డించరని తేలగానే బోన్‌హోఫర్ లేచి బయటకు వచ్చేశారు. 1931 వసంతంలో, ఫిషర్ సొంత రాష్ట్రమైన అలబామాలోనే, స్కాట్స్‌బరోలో తొమ్మిదిమంది నల్లజాతి కుర్రవాళ్లమీద అబద్ధపు నేరం మోపి, వారిలో ఎనిమిదిమందికి మరణశిక్ష విధించారు. ఆదివారం తప్పక చర్చికి వెళ్లే దేశంలోనే ఇదంతా జరుగుతోంది.

మరో స్నేహితుడు జాన్ లాసేర్, ఫ్రెంచివాడు. అన్నను చంపిన దేశపు మనిషి! ఇద్దరూ కలిసి మొదటి ప్రపంచ యుద్ధం గురించిన సినిమాకు వెళ్లారు. కథ జర్మన్ సైనికుల వైపునుండి సాగుతుంది గనుక, ఫ్రెంచి సైనికులు చనిపోయే చోట హాలులో జనం నవ్వారు. లాసేర్ తట్టుకోలేకపోతే బోన్‌హోఫర్ ఆయనను ఓదార్చారు. కొండమీది ప్రసంగాన్ని చేయవలసిన ఆజ్ఞగా చదవడం ఆయన ఈ ఫ్రెంచి మిత్రుని దగ్గరే నేర్చుకున్నారు.

చదువు ముగిశాక నలుగురు విద్యార్థులు ఒక పాత ఓల్డ్స్‌మొబైల్ కారులో బయలుదేరారు. అమెరికన్ పాల్ లేమన్ చికాగోలో దిగిపోయాడు, స్విట్జర్లాండ్‌కు చెందిన ఎర్విన్ జుట్స్ సెయింట్ లూయిస్‌లో ఆగిపోయాడు. జర్మనూ ఫ్రెంచివాడూ మెక్సికో దాకా వెళ్లారు. అక్కడ ఒక సభలో ఇద్దరూ పక్కపక్కన నిలబడి శాంతిని గురించి మాట్లాడారు. పదమూడేళ్ల క్రితం వారి దేశాలు ఒకదాన్నొకటి కందకాలలో చంపుకున్నాయని గుర్తుంచుకుంటే ఆ దృశ్యం విలువ మనకు తెలుస్తుంది.

ఇక్కడ ఒక మాట జాగ్రత్తగా చెప్పాలి. పరాయి దేశపు పాపం కనబడినంత తేలికగా సొంత దేశపు పాపం కనబడదు. ఆయన అన్న కార్ల్ ఫ్రీడ్రిక్ శాస్త్రవేత్త. అమెరికాలోని వర్ణభేదాన్ని స్వయంగా చూసినవాడు. దానితో పోలిస్తే జర్మనీలో యూదుల సమస్య ఒక సమస్యే కాదన్నట్టు 1931 జనవరిలో తమ్ముడికి ఉత్తరం రాశాడు. సరిగ్గా రెండేళ్లకు, 1933 జనవరి 30న, హిట్లర్ అధికారంలోకి వచ్చాడు.

ఆ ఏప్రిల్‌లో బోన్‌హోఫర్ ధైర్యంగా ఒక వ్యాసం రాశారు. ప్రభుత్వం అన్యాయం చేస్తే సంఘం దాన్ని ప్రశ్నించాలని, చక్రం కింద నలిగినవారికి కట్టు కట్టాలని, అవసరమైతే ఆ చక్రాన్నే ఆపాలని అందులో వాదించారు. అదే నెలలో ఆయన కవల సోదరి సబీనె మామగారు చనిపోయారు. ఆయన యూదుడు, బాప్తిస్మం పొందనివాడు. అంత్యక్రియల్లో ప్రసంగించమని ఇంటివారు అడిగితే, బోన్‌హోఫర్ పై అధికారి సలహా తీసుకుని, ఒప్పుకోలేదు. హార్లెమ్ పిల్లలకు పాఠం చెప్పినవాడు సొంత చెల్లెలి గడపలో వెనక్కి తగ్గారు. కొన్ని నెలల తర్వాత తాను భయపడిపోయానని ఒప్పుకుంటూ వారిని క్షమాపణ అడిగారు. మేము ఈ సంగతిని దాచకుండా రాస్తున్నాము. తెరుచుకున్న కన్నులు కూడా ఇంటి గుమ్మం దగ్గర మళ్లీ మూసుకోగలవు.

ఆ తర్వాత ఆయన వెనక్కి తగ్గలేదు. యూదు సంతతివారిని సంఘసేవనుండి తొలగించే నియమాన్ని ఎదిరించారు. 1934లో మన దేశానికి వచ్చి గాంధీగారి దగ్గర కొంతకాలం ఉండాలని ఆశించారు, గాంధీగారు రమ్మని ఉత్తరం కూడా రాశారు. అయితే 1935లో ఫింకెన్‌వాల్డేలో యువ సేవకులకు శిక్షణ ఇచ్చే బాధ్యత వచ్చింది, ఆ ప్రయాణం జరగలేదు. ఫింకెన్‌వాల్డేలో ఆయన విద్యార్థులకు హార్లెమ్‌నుండి తెచ్చిన ఆ రికార్డులు వినిపించేవారు. 1937లో గెస్టపో ఆ సెమినరీని మూసివేసింది.

1939 జూన్‌లో స్నేహితులు ఆయనను కాపాడాలని మళ్లీ న్యూయార్క్‌కు పిలిపించారు. అదే సెమినరీ, అదే వీధులు. ఈసారి ఆయనకు నెమ్మది లేదు. చలికాలం రాకముందే రమ్మని పౌలు తిమోతికి రాసిన మాట (2 తిమోతి 4:21) ఆ దినాలలో ఆయన వాక్యపఠనంలో వచ్చి హృదయాన్ని విడిచిపెట్టలేదు. తన ప్రజల శ్రమలో పాలు పొందకపోతే రేపు వారిమధ్య పరిచర్య చేసే హక్కు తనకుండదని తేల్చుకుని జూలైలో ఓడెక్కారు. 1943 ఏప్రిల్ 5న అరెస్టు అయ్యారు. 1945 ఏప్రిల్ 9న ఫ్లోసెన్‌బర్గ్ శిబిరంలో ఆయనను ఉరితీశారు. అప్పటికి వయసు ముప్పై తొమ్మిది. రోమ్‌కు తోడువచ్చిన అన్న క్లాస్‌ను కూడా అదే నెలలో చంపారు.

అపొస్తలుల కార్యములు 10వ అధ్యాయంలో పేతురు కూడా ఇలాంటి తికమకలోనే పడ్డాడు. కొర్నేలీ ఇంటి గడప దాటాకే దేవుడు పక్షపాతి కాడని గ్రహించాడు. అదే పేతురు అంతియొకయలో మళ్లీ వెనుదీశాడని గలతీ పత్రిక 2వ అధ్యాయం చెబుతుంది.

ప్రియులారా, మన పిల్లలు విదేశాలలో తమ రంగును బట్టి చిన్నచూపు ఎదురైందని ఫోనులో చెబితే మన కడుపు తరుక్కుపోతుంది. తరుక్కుపోవలసిందే. కానీ పెళ్లి సంబంధం దగ్గర, సమాధుల తోట దగ్గర, సంఘపెద్దల ఎన్నిక దగ్గర కులం చూసే మన అలవాటును ఆ బిడ్డ ఇంటికి వచ్చి ప్రశ్నిస్తే మనం ఏమంటాము? అక్కడికి వెళ్లి పాడైపోయాడంటామా? ఈసారి ఫోను చేసినప్పుడు తిన్నావా, ఉద్యోగం వచ్చిందా అని అడిగిన తర్వాత, అక్కడ ఏమి చూశావు, ఎవరితో కూర్చున్నావు అని కూడా అడుగుదాం. వాళ్లు చెప్పేది మనల్ని గూర్చినదైనా సరే, ఓపికగా విందాం.

అట్టి వినయమును ప్రభువు మన సంఘాలకు, ముందుగా ఈ మాటలు రాస్తున్న మాకు, అనుగ్రహించును గాక. ఆమేన్.